వాకిట్లో బండలు.. అడుగున ఏముందో చూశారా?

బేతంచెర్ల (నంద్యాల జిల్లా): ఇల్లు కట్టుకునే కుటుంబాలు చిట్టచివరగా చేయించే పని వాకిట్లో బండలు వేయించడం. అప్పటికి చేతిలోని సొమ్ము అడుగంటుతుంది. గృహప్రవేశ ముహూర్తం ముంచుకొస్తుంటుంది. మేస్త్రి చేస్తున్న పని సరైనదో కాదో తెలియక యజమాని లోలోపల మథనపడతాడు. అడిగితే మేస్త్రి నొచ్చుకుంటాడేమో, పని మధ్యలో వదిలి వెళ్తాడేమోనన్న జంకుతో మిన్నకుండిపోతాడు. తొలి వానలకే బండలు కుంగి, నీరు గోడ వైపు మళ్లిన తరువాత విచారించి ప్రయోజనం ఉండదు.

బండపరుపులో మంచిచెడ్డలను నిర్ణయించేది పైన కనిపించే రాయి కాదు, దాని అడుగున ఉండే మట్టి, కాంక్రీటు, మాలు. బండ పడిన తరువాత ఇవేవీ కంటికి కనిపించవు. కనుక ఏ దశకు ఆ దశలో, కప్పివేయక ముందే చూసుకోవాలి.

రాయి మంచిదే

బేతంచెర్ల, తాడిపత్రి, తాండూరు ప్రాంతాల నాపరాయి తెలుగు ఇళ్లకు చిరపరిచితమే. సరిహద్దు దాటితే కర్ణాటకలోని షాబాద్ బండకూ అంతే పేరుంది. ఇవన్నీ పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాళ్లు. అందువల్లనే పలకలుగా తేలికగా విడివడతాయి. కింద ఆసరా సమంగా ఉంటే ఈ పలక ఎంతో బరువును మోస్తుంది. అడుగున ఖాళీ ఉంటే మాత్రం మోటారు సైకిలు చక్రం పడినా పగిలిపోవచ్చు. ఆరుబయట నునుపు పట్టిన రాయి వానలో జారుతుంది. కాబట్టి వాకిలికి పాలిష్ లేని బండే మేలు. కారు, ట్రాక్టరు తిరిగే చోట మందమైన బండలు ఎంచుకోవాలి.

గోడ పక్కనే మొదటి ముప్పు

కొత్త ఇళ్లలో ముందుగా కుంగేది గోడను ఆనుకుని ఉన్న వరుస. పునాది కోసం తవ్విన గోతిని తరువాత వదులు మట్టితో పూడ్చడమే దీనికి కారణం. ఆ మట్టి ఒకటి రెండు వానలకు దిగిపోతుంది. దానితోపాటు బండలూ దిగి, వాలు తిరగబడుతుంది. బయటకు పోవలసిన నీరు పునాదిలోకి చేరి గోడలకు చెమ్మ పడుతుంది.

పూడిక మట్టిని ఆరంగుళాల పొరలుగా వేసి, ఒక్కో పొరను నీటితో తడిపి దిమ్మిసతో కొట్టించాలి. గట్టిపడిందో లేదో తెలుసుకోవడానికి గునపం కొనను నేలలో గుచ్చితే చాలు. సునాయాసంగా దిగిపోతే ఇంకా దిమ్మిస వేయవలసి ఉందన్నమాట. నల్లరేగడి నేలల్లో జాగ్రత్త రెట్టింపు కావాలి. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. పై పొరను తొలగించి గ్రావెల్ నింపిన తరువాతే కాంక్రీటు వేయించడం శ్రేయస్కరం. నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు ఈ దశలోనే అమర్చి, నీరు వదిలి లీకులు లేవని నిర్ధారించుకోవాలి.

పదడుగులకు అంగుళంన్నర

మట్టి గట్టిపడిన తరువాత మూడు నాలుగు అంగుళాల మందాన బెడ్ కాంక్రీటు వేస్తారు. సిమెంటు ఒక వంతు, ఇసుక నాలుగు వంతులు, కంకర ఎనిమిది వంతులు కలపడం వాడుకలో ఉన్న పాళ్లు. వాలు తీయవలసింది ఇక్కడే. బండల కింద మాలు హెచ్చుతగ్గులు చేసి వాలు తెస్తామనడం సరికాదు. మాలు ఒకచోట పలుచగా, మరొకచోట మందంగా పడితే బండకు ఆసరా సమంగా అందదు.

ఇంటి నుంచి బయటి వైపునకు ప్రతి 10 అడుగులకు ఒకటిన్నర నుంచి రెండంగుళాల వాలు ఉండాలి. గోడ దగ్గర ఒక దారం కట్టి, రెండో కొసను రసమట్టంతో గాని, నీళ్ల గొట్టంతో గాని సరిచూసి లాగితే తేడాను ఎవరైనా కొలుచుకోవచ్చు. బండల పైమట్టం ఇంటి లోపలి నేల కంటే కనీసం ఆరంగుళాలు కింద ఉండేటట్లు చూసుకోవాలి. లేకుంటే భారీ వర్షానికి నీరు గడప దాటుతుంది.

బస్తాల లెక్క చెప్పే నిజం

సిమెంటు తగ్గిందేమోనన్న సందేహం యజమానులను ఎక్కువగా వేధిస్తుంది. దీనికి చిన్న లెక్క ఉంది. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల వాకిలిని తీసుకుంటే, పై పాళ్లలో నాలుగంగుళాల బెడ్ కాంక్రీటుకు 6 నుంచి 7 బస్తాలు అవసరమవుతాయి. బండల కింద అంగుళం మందాన, ఒకటికి ఐదు పాళ్లలో మాలు వేస్తే మరో 3 బస్తాలు పడతాయి. అంటే సందులు పూడ్చడానికి వాడేది కాక దాదాపు 10 బస్తాలు. ఐదారు బస్తాలతోనే పని ముగిసిందంటే కాంక్రీటు మందమో, పాళ్లో తగ్గి ఉండాలి.

పాళ్లు సరిచూడటం కూడా కష్టం కాదు. ఒక బస్తా సిమెంటు ఎన్ని తట్టలు అయిందో లెక్కించి, అదే తట్టతో దానికి ఐదింతలు ఇసుక పోయించాలి. ఇసుకలో మన్ను ఎంత ఉందో చూడటానికి గాజు సీసాలో సగం ఇసుక, పైన నీరు పోసి కుదిపి కొన్ని గంటలు కదపకుండా ఉంచాలి. పైన పేరుకున్న మెత్తటి పొర మందంగా ఉంటే ఆ ఇసుక పనికిరాదు.

తట్టి చూస్తే తెలుస్తుంది

బండను పరిచే ముందు నీటితో తడపాలి. పొడి రాయి మాలులోని నీటిని పీల్చుకుంటుంది. అప్పుడు పట్టు కుదరదు. మాలు బండ అంతటా పరచాలి. నాలుగు మూలల్లో, నడుమ ముద్దలు పెట్టి పైన బండ ఉంచడం త్వరగా ముగిసే పద్ధతే గాని, ముద్దల నడుమ ఖాళీలు మిగులుతాయి. పొడి ఇసుక పరిచి పైన కాస్త సిమెంటు చల్లి బండ వేయడమూ ఇటువంటిదే. కలిపిన మాలును అరగంటలో వాడుకోవడం మంచిది. గట్టిపడిన మాలులో మళ్లీ నీరు పోసి వాడనీయరాదు.

ఒకటి రెండు రోజుల తరువాత ప్రతి బండనూ సుత్తి పిడితో మెల్లగా తట్టాలి. గట్టి శబ్దం వస్తే మాలు నిండుగా ఉన్నట్లు. బోలుగా మోగితే అడుగున ఖాళీ ఉన్నట్లు. బోలు బండలకు సుద్దముక్కతో గుర్తు పెట్టి, సందులు పూడ్చక ముందే ఎత్తించి మళ్లీ వేయించాలి. ఆ తరువాత అయితే పక్క బండలు కూడా దెబ్బతింటాయి.

యాసిడ్ వద్దు

పని ముగిసిన తరువాత కనీసం వారం రోజులు నీళ్లు పట్టాలి. వేసవిలో తడి గోనెపట్టాలు కప్పి ఉంచడం మేలు. ఈ వారంలో వాహనాలు ఎక్కించకూడదు. బండలపై పడిన సిమెంటు మరకలను కొందరు పనివారు యాసిడ్‌తో కడుగుతారు. నాపరాయి సున్నపురాయి కావడంతో యాసిడ్ తగిలిన చోట నురగలు కక్కి పైపొర తినివేయబడుతుంది. రంగు వెలిసిపోతుంది. మరకను తడిగా ఉన్నప్పుడే గుడ్డతో తుడిపించడమే సరైన మార్గం.

ఇవి లోపాలు కావు

కనిపించిన ప్రతిదీ మేస్త్రి తప్పు కాదు. ఒకే గని రాళ్లలోనూ రంగు తేడా సహజం. పాలిష్ లేని బండ ఉపరితలం కొంత ఎగుడుదిగుడుగా ఉంటుంది. తొలి నెలల్లో సందుల వెంట తెల్లటి ఉప్పు పూత కనిపించడమూ మామూలే. ఆరిన తరువాత చీపురుతో ఊడిస్తే క్రమేపీ తగ్గుతుంది. కూలి రేటును అదే పనిగా బేరమాడి, గడువును కుదించి, పని మాత్రం దివ్యంగా ఉండాలనుకోవడం యజమానుల వైపు నుంచి జరిగే పొరపాటు. అడుగు మట్టి గట్టిపడటానికి, కాంక్రీటు ఆరడానికి తగిన రోజులు ఇవ్వాలి.

అడగడంలోనే ఉంది

ఊళ్లో మేస్త్రి చాలాచోట్ల తెలిసినవాడో, బంధువో అయి ఉంటాడు. నేరం మోపినట్లు కాక, పని మొదలయ్యే ముందే ‘మేస్త్రీ, మట్టి కొట్టిన తరువాత ఒకసారి, కాంక్రీటు పడ్డాక ఒకసారి, సందులు పూడ్చే ముందు ఒకసారి నాకు చూపించాలి’ అని చెప్పి ఉంచితే ఎవరికీ నొప్పి ఉండదు. పాళ్లు, కాంక్రీటు మందం, వాలు, రేటు ఒక తెల్లకాగితంపై రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయాలి. సొమ్మును ఈ దశల ప్రకారమే చెల్లిస్తూ, కొంత మొత్తాన్ని తట్టి చూసి, నీళ్లు పోసి చూసే రోజు వరకు నిలిపి ఉంచడం న్యాయమే. ప్రతి దశలోనూ కొలబద్ద ఆనించి ఫొటోలు తీసుకుంటే తరువాత సాక్ష్యంగా ఉపయోగపడతాయి.

చట్టం ఏం చెబుతోంది

మాటలతో తేలని వివాదాలకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మార్గం చూపుతోంది. గృహ నిర్మాణం ఈ చట్టం కింద సేవగా పరిగణింపబడుతుంది. గుత్తకు పని ఒప్పుకున్న కాంట్రాక్టరుపై, ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. ముందుగా సలహా కోసం జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రాన్ని 1915 నంబరులో సంప్రదించవచ్చు. సామగ్రి తామే తెచ్చి, రోజు కూలికి మనుషులను పెట్టుకుని, తమ అజమాయిషీలో పని చేయించుకున్న వారికి మాత్రం ఈ చట్టం కింద గెలుపు కష్టం. అటువంటి వారు పని జరిగే వేళ దగ్గరుండి చూసుకోవడమే ఏకైక రక్షణ.

చివరి పరీక్ష అతి సులువు. సందులు గట్టిపడిన తరువాత గోడ దగ్గర నాలుగు బిందెల నీరు కుమ్మరించాలి. కొద్ది నిమిషాల్లో నీరంతా బయటి కాలువ దారి పడితే నిశ్చింతగా మిగతా సొమ్ము ముట్టజెప్పవచ్చు. మడుగు కట్టినా, గోడ వైపు నడిచినా ఆ చోట బండలు ఎత్తించి సరిచేయించిన తరువాతే లెక్క తేల్చుకోవాలి.