కోడింగ్ నేర్చుకునే విద్యార్థి సాఫ్ట్‌వేర్‌కు డబ్బు కట్టాలా? ఉచిత లైసెన్స్‌లో చాలామంది చదవని షరతు ఏంటి?

ఇంజినీరింగ్ రెండో ఏడాదికి రాగానే చాలా ఇళ్లలో ఒక ప్రశ్న వస్తుంది. 'నాన్నా, కోడింగ్‌కి ఒక సాఫ్ట్‌వేర్ కావాలి, ఏడాదికి ఇంత కట్టాలట' అని అబ్బాయో అమ్మాయో అడుగుతారు. కట్టకపోతే వెనకబడిపోతారేమోనని భయం. కడితే ఆ డబ్బు దండగేమోనని అనుమానం.

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్, భిలాయ్ జంట పట్టణాల్లోని తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న ఇంకాస్త విచిత్రంగా వినిపిస్తుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఉక్కు కర్మాగారం కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ప్లాంటులో పనిచేసే మనిషి తన పనిముట్టు తాను కొనుక్కోడు, ప్లాంటే ఇస్తుంది. ఇప్పుడు మూడో తరం పిల్లలు ఉక్కు వదిలి సాఫ్ట్‌వేర్ వైపు చూస్తున్నారు. దుర్గ్‌లో 1986 నుంచి భిలాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది. 2016లో వచ్చిన ఐఐటీ భిలాయ్ ఇప్పుడు దుర్గ్ జిల్లాలోని కుటేలాభాటా దగ్గర సొంత క్యాంపస్‌లో నడుస్తోంది. మరి ఈ పనిలో పనిముట్టు ఎవరు కొనాలి?

సూటిగా చెప్పాలంటే, చదువుకునే రోజుల్లో దాదాపు ఏదీ కొనక్కర్లేదు. అయితే 'ఉచితం' అన్న మాట వెనక ఒక షరతు ఉంటుంది. డబ్బు కట్టాలా వద్దా అన్నదానికన్నా ఆ షరతు ఎప్పుడు దాటుతున్నామన్నదే అసలు ప్రశ్న.

ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఊరికే ఎందుకిస్తారు?

మైక్రోసాఫ్ట్ 2014 నవంబర్‌లో 'విజువల్ స్టూడియో కమ్యూనిటీ'ని ఉచితంగా విడుదల చేసింది. మరుసటి ఏడాది 'విజువల్ స్టూడియో కోడ్' వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో అత్యధికులు వాడే కోడ్ ఎడిటర్ అదే, పైసా ఖర్చు లేదు. ఇంటెల్లీజే, పైచార్మ్ తయారుచేసే జెట్‌బ్రెయిన్స్ సంస్థ గుర్తింపు పొందిన విద్యాసంస్థల విద్యార్థులకు తన సాధనాలన్నీ ఉచితంగా ఇస్తోంది. ఏడాదికోసారి ఆ లైసెన్స్‌ను పొడిగించుకుంటే చాలు. గిట్‌హబ్ కూడా 2014 నుంచి 'స్టూడెంట్ డెవలపర్ ప్యాక్' ఇస్తోంది.

ఇది దానధర్మమేమీ కాదు. ఇప్పుడు అలవాటైన సాధనాన్నే రేపు ఉద్యోగంలో అడుగుతారు, అప్పుడు బిల్లు కంపెనీ కడుతుంది. ఈ లెక్క ఎంత బలమైనదో చెప్పడానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది.

నీలం తెర టర్బో సీ++ గుర్తుందా? బోర్లాండ్ సంస్థ 1983లో టర్బో పాస్కల్‌ను 49.95 డాలర్లకు అమ్మి సంచలనం సృష్టించింది. అప్పటికి ఇలాంటి కంపైలర్లు వందల డాలర్లు పలికేవి. ఆ వరుసలో 1990ల మొదట్లో వచ్చిన టర్బో సీ++ మన స్కూళ్లలో, కాలేజీ ల్యాబుల్లో తిష్ట వేసింది. కొత్త విండోస్ దాన్ని నేరుగా నడపలేని స్థితి వచ్చాక కూడా డాస్‌బాక్స్ పెట్టి మరీ నడిపారు. సీ++ భాషకు అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది 1998లో. అంటే ప్రమాణం రాకముందు తయారైన సాధనంతో, ప్రమాణం వచ్చి పదేళ్లు దాటాక కూడా పిల్లలకు పాఠం చెప్పాం. ఆ ల్యాబులో నేర్చుకున్న ప్రోగ్రామ్‌ను జీసీసీలో పెడితే మొదటి వరుసలోనే తప్పు చూపించేది. 'కొనియో' హెడర్ లేదంటుంది, 'వాయిడ్ మెయిన్' కుదరదంటుంది. తప్పు విద్యార్థిది కాదు. భాష నేర్పుతున్నామనుకుని ఒక కంపెనీ పాత పెట్టెను నేర్పారు.

అందుకే ఉచితంగా దొరికినా, డబ్బు పెట్టి కొన్నా, మొదటి ఏడాది ఒకే ఐడీఈకి అతుక్కుపోకపోవడం మేలు. కమాండ్ లైన్‌లో కంపైల్ చేయడం, గిట్ వాడటం వచ్చినవారికి ఎడిటర్ మారినా పని ఆగదు. జీసీసీ, పైథాన్, గిట్ మూడూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లే. వాటికి విద్యార్థి అని నిరూపించుకోవాల్సిన అవసరం కూడా లేదు.

కాలేజీ ఈమెయిల్ లేకపోతే?

ఐఐటీ విద్యార్థికి సంస్థ పేరుతో ఈమెయిల్ ఉంటుంది. దాంతో విద్యార్థి లైసెన్స్ తేలిగ్గా వస్తుంది. ప్రైవేటు కాలేజీల్లో అందరికీ అది ఉండదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి, 'మనకు రాదు, కొనాల్సిందే' అనుకుంటారు. నిజానికి గిట్‌హబ్ కాలేజీ ఐడీ కార్డు లాంటి పత్రాలను కూడా ఒప్పుకుంటుంది. కార్డుపై పేరు, కాలేజీ పేరు, చదువు కాలం తెలిపే తేదీ స్పష్టంగా కనిపించాలి. గిట్‌హబ్ ధ్రువీకరించిన ఖాతా ఉంటే జెట్‌బ్రెయిన్స్ విద్యార్థి లైసెన్స్‌కు అదే సరిపోతుంది. తిరస్కరిస్తే స్పష్టమైన ఫొటోతో మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు.

ఏఐ సాయంతో కోడ్ రాసే సాధనాల సంగతి కాస్త వేరు. గిట్‌హబ్ కోపైలట్ 2022లో నెలకు 10 డాలర్లతో మొదలైంది. ధ్రువీకరించుకున్న విద్యార్థులకు మొదటి నుంచీ ఉచితమే, ఎంత వాడుకోవచ్చన్న పరిమితులు మాత్రం మారుతుంటాయి. నెలకు 10 డాలర్లంటే 900 రూపాయల చుట్టూ. ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్లే తండ్రికి అది చిన్న మొత్తమేమీ కాదు. పైగా లూపు ఎలా తిరుగుతుందో ఇంకా అర్థం కాని దశలో ఈ సాధనం చేసే మేలు తక్కువ. జవాబు ముందే కనిపించే గైడు పుస్తకంతో లెక్కలు నేర్చుకున్నట్టే ఉంటుంది.

షరతు దాటేది ఎక్కడ?

విద్యార్థి లైసెన్స్ చదువు కోసమే. సుపేలా మార్కెట్లో ఒక దుకాణం వాళ్లు బిల్లింగ్ యాప్ చేసిపెట్టమని 8 వేలు ఇస్తామన్నారనుకుందాం. ఆ పనిని జెట్‌బ్రెయిన్స్ విద్యార్థి లైసెన్స్‌తో చేస్తే నిబంధన ఉల్లంఘించినట్టే. డబ్బు ఎంత చిన్నదన్నది లెక్కలోకి రాదు. 2024 అక్టోబర్ నుంచి ఆ సంస్థ వెబ్‌స్టార్మ్, రైడర్‌లను ఎవరికైనా ఉచితంగా ఇస్తున్నా, అదీ వాణిజ్యేతర పనికే. దానికి బదులుగా సాధనాన్ని ఎలా వాడుతున్నారన్న సమాచారం పేరు లేకుండా సంస్థకు వెళ్తుంది, ఆపే వీలుండదు.

అలాగని ఆ యాప్ కోసం ఏమీ కొనక్కర్లేదు. విజువల్ స్టూడియో కమ్యూనిటీని వ్యక్తిగతంగా పనిచేసేవారు డబ్బు తీసుకునే యాప్‌లకూ వాడుకోవచ్చు. విజువల్ స్టూడియో కోడ్‌కు, పైచార్మ్‌లోని ఉచిత భాగానికీ ఈ ఇబ్బంది లేదు. సంపాదన మొదలైన రోజున సాధనం మార్చుకుంటే సరిపోతుంది. అదే సాధనం లేకపోతే పని సాగదనిపించినప్పుడు, వచ్చిన సంపాదనలోంచే లైసెన్స్ కొనుక్కోవాలి తప్ప ఇంట్లో అడిగి కాదు.

ఇక క్రాక్ చేసిన కాపీల మాట. 'అందరూ వాడుతున్నారుగా' అన్న వాదన ప్రతి హాస్టల్లో వినిపిస్తుంది. కాపీరైట్ చట్టం 1957లోని సెక్షన్ 63బీ ప్రకారం, తెలిసీ దొంగ కాపీని కంప్యూటర్‌లో వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. లాభం కోసం, వ్యాపారం కోసం వాడలేదని తేలితే జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో సరిపెట్టే అధికారం కోర్టుకు ఉంది. విద్యార్థి మీద కేసు పెట్టడానికి కంపెనీలు రావన్నది చాలావరకు నిజమే కావచ్చు. కానీ అసలు ముప్పు వేరే ఉంది. క్రాక్ ఫైలు నడిపే ముందు యాంటీవైరస్ ఆపేయమంటారు. ఆ ఫైలులో ఏముందో చూసే కాపలాదారును మనమే పంపించేస్తున్నామన్నమాట. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, గిట్‌హబ్ టోకెన్లు, నాన్న బ్యాంకు లాగిన్ అన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి.

డబ్బు ఖర్చు పెట్టక తప్పనివి లేకపోలేదు. చేసిన ఆండ్రాయిడ్ యాప్‌ను ప్లే స్టోర్‌లో పెట్టాలంటే ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. ఐఫోన్ యాప్ స్టోర్‌కైతే ఏటా 99 డాలర్లు. ఆ సరదా మూడో ఏడాది దాకా వాయిదా వేసుకోవచ్చు. ఎలక్ట్రికల్, మెకానికల్ పిల్లలు అడిగే మ్యాట్‌ల్యాబ్‌కు కాలేజీ క్యాంపస్ లైసెన్స్ ఉందేమో ముందు ల్యాబులో అడగాలి. లేకపోతే చాలా అసైన్‌మెంట్లు ఆక్టేవ్‌తో గడిచిపోతాయి.

ఇంట్లో నాలుగైదు వేలు నిజంగా సిద్ధంగా ఉంటే, 4 జీబీ ర్యామ్‌తో ఈడుస్తున్న ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచడం, పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయించడం ముందు చూడాలి. ఆ రెంటి ధరలూ మారుతుంటాయి, కొన్ని మోడళ్లలో ర్యామ్ మార్చే వీలుండదు. కాబట్టి కొనేముందు షాపులో మూత విప్పించి చూడాలి. ఆండ్రాయిడ్ స్టూడియో తెరుచుకోవడానికే నిమిషాలు పట్టే యంత్రంలో ఏ ప్రొఫెషనల్ లైసెన్స్ వేసినా ప్రయోజనం ఉండదు.

చదువు అయ్యాక విద్యార్థి లైసెన్స్ గడువు తీరిపోతుంది. కొత్తగా పట్టా తీసుకున్నవారికి జెట్‌బ్రెయిన్స్ వ్యక్తిగత లైసెన్స్‌పై 40 శాతం తగ్గింపు ఇస్తుంది. అప్పటికే ఉద్యోగం వచ్చి ఉంటే మాత్రం అది కొనేముందు కంపెనీ ఐటీ విభాగాన్ని అడగండి. ఆఫీసు పనికి లైసెన్స్ వాళ్లే ఇస్తారు.