కణం లేకుండానే ప్రొటీన్‌... చేసి చూపించగలరా?

బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదువుతున్నారా? బ్యాక్టీరియా సారంతో ట్యూబులోనే ప్రొటీన్లు తయారుచేసే ‘సెల్‌ ఫ్రీ’ విధానం గురించి తెలుసుకోండి. మీ సబ్జెక్టు పట్టునూ, చేతి నైపుణ్యాన్నీ ఒకేసారి పరీక్షించే పని ఇది.

‘ప్రొటీన్‌ ఎక్కడ తయారవుతుంది?’ అంటే ఇంటర్‌ విద్యార్థి కూడా ‘రైబోజోముల మీద’ అని ఠక్కున చెబుతాడు. మరి కణాన్ని పగలగొట్టేశాక ఆ రైబోజోములు పనిచేస్తాయా? చేస్తాయి!

పెళ్లి వంట ఇంటి వంటగదిలో చేయరు కదా. పెరట్లో గాడిపొయ్యి తవ్వి, సరుకులు అందిస్తే వంటవాళ్లు పని కానిచ్చేస్తారు. ఇక్కడా అంతే.

ఎలా చేస్తారు?

ఈ-కోలి బ్యాక్టీరియాను పెంచి, చురుగ్గా ఎదుగుతున్న దశలో సేకరిస్తారు. కడిగి, సోనికేటర్‌తోనో, అధిక పీడనంతోనో కణాలను పగలగొడతారు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే పెంకుల ముక్కలు అడుగుకు చేరతాయి. పైన తేరిన ద్రవంలో రైబోజోములు, టీఆర్‌ఎన్‌ఏలు, ఎంజైములు ఉంటాయి. దీన్ని మైనస్‌ 80 డిగ్రీల దగ్గర భద్రపరుస్తారు.

అవసరమైనప్పుడు ఈ సారానికి 20 అమైనో ఆమ్లాలు, ఏటీపీ, జీటీపీ లాంటివి, శక్తినిచ్చే పదార్థం, మెగ్నీషియం, పొటాషియం లవణాలు, కావాల్సిన జన్యువున్న డీఎన్‌ఏ కలుపుతారు. కొన్ని గంటల్లో ప్రొటీన్‌ సిద్ధం! అది జీఎఫ్‌పీ అయితే నీలికాంతిలో ట్యూబు ఆకుపచ్చగా మెరుస్తుంది.

నోబెల్‌ దాకా...

1961లో అమెరికాలోని బెథెస్డాలో నిరెన్‌బర్గ్‌, మథాయ్‌ ఈ-కోలి సారానికి యూరాసిల్‌ మాత్రమే ఉన్న ఆర్‌ఎన్‌ఏను కలిపారు. ఫినైల్‌ అలనిన్‌ గొలుసు వచ్చింది. జన్యు సంకేతంలో మనం చదవగలిగిన మొదటి పదం అదే. ఆ ఆర్‌ఎన్‌ఏ వేయని ట్యూబుతో పోల్చి చూశారు కాబట్టే ఫలితాన్ని నమ్మగలిగారు. జన్యు సంకేతాన్ని విప్పినందుకు 1968లో నిరెన్‌బర్గ్‌తోపాటు హరగోబింద్‌ ఖొరానా, హోలీ నోబెల్‌ పంచుకున్నారు.

లాభం, పరిమితి

బతికున్న కణానికి విషమయ్యే ప్రొటీన్లనూ ఇలా చేయొచ్చు. కణంలోకి డీఎన్‌ఏ ఎక్కించి, కాలనీల కోసం ఎదురుచూడక్కర్లేదు. సారాన్ని కాగితంపై ఆరబెట్టి జికా వైరస్‌ను గుర్తించవచ్చని 2016లో పరిశోధకులు చూపించారు. అయితే మామూలు ఈ-కోలి సారం ప్రొటీన్లకు చక్కెరలు జోడించలేదు. శక్తినిచ్చే పదార్థం అయిపోతే తయారీ ఆగిపోతుంది. పెద్ద ఎత్తున చేయాలంటే ఖర్చూ ఎక్కువే. ఇంటర్వ్యూలో లాభాలతోపాటు ఇవీ చెప్పండి.

అసలు పరీక్ష ఇదీ

‘ట్యూబు మెరవలేదు. ఏం చేస్తారు?’ అని అడిగారనుకోండి. ‘మళ్లీ చేస్తాను సార్‌’ అంటే మార్కులు పడవు. ముందు పనిచేస్తుందని తెలిసిన డీఎన్‌ఏతో ఒక ట్యూబు, డీఎన్‌ఏ లేకుండా ఇంకొకటి పెట్టాలి. మొదటిది మెరిస్తే తప్పు మీ డీఎన్‌ఏలో ఉండొచ్చు. అదీ మెరవకపోతే సారాన్ని, మిశ్రమాన్ని అనుమానించాలి. సారాన్ని పదేపదే కరిగించి గడ్డకట్టించారా? మెగ్నీషియం మోతాదు సరిపోయిందా? గ్లవ్స్‌ లేకుండా ముట్టుకోవడంతో ఆర్‌ఎన్‌ఏను తినేసే ఎంజైములు చేరాయా? ఇలా ఒక్కొక్కటిగా తేల్చుకుంటూ పోవాలి. సీనియర్‌ రికార్డు చూసి రాసినవారికి ఈ జవాబు రాదు. చేసి, చెడగొట్టి, కారణం వెతికినవారికే వస్తుంది.

ఇప్పుడేం చేయాలి?

ఉద్యోగ ప్రకటనల్లో ‘సెల్‌ ఫ్రీ’ అన్న పేరు కోసమే చూడకండి. ప్రొటీన్‌ ఎక్స్‌ప్రెషన్‌, ప్యూరిఫికేషన్‌, అస్సే డెవలప్‌మెంట్‌ లాంటి విభాగాల్లో ఈ నైపుణ్యాలే పనికొస్తాయి. హైదరాబాద్‌ జీనోమ్‌ వ్యాలీ సంస్థలకు దరఖాస్తు చేసేటప్పుడూ ఇవే గుర్తుంచుకోండి. పైచదువులకైతే గ్యాట్‌-బి, గేట్‌, పరిశోధనకు సీఎస్‌ఐఆర్‌ నెట్‌ ఉన్నాయి.

కళాశాల ల్యాబ్‌లో సోనికేటర్‌ లేకున్నా దిగులొద్దు. మైక్రోపిపెట్‌ కచ్చితంగా పట్టడం, ప్లాస్మిడ్‌ వేరుచేయడం, ప్రొటీన్‌ జెల్‌ నడపడం ముందు చేతికి అలవాటు చేసుకోండి. విఫలమైన ప్రయోగాన్నీ తేదీతో సహా నోట్‌బుక్‌లో రాయండి. రేపు ఇంటర్వ్యూలో మీరు ధైర్యంగా చెప్పుకోగలిగే అనుభవం ఆ పేజీల్లోనే ఉంటుంది.