పుట్టగొడుగు మందగునా?

తొలకరి వానలు కురిసి, ఎండ కాచిన మరునాడు ఎర్రగుంట్ల పరిసరములలో చేలగట్లపైనను, చెదపుట్టలపైనను తెల్లని గొడుగులు తలలెత్తును. పిల్లలు బుట్టలు చేతబట్టి తెల్లవారకమునుపే బయలుదేరుదురు. వారు తెచ్చినవానిని పెద్దలు చూచి, ఇది పుట్టకొక్కు, ఇది కుక్కగొడుగు అని వేరుచేసి, తినదగినదానినే కూర వండుదురు. ఆ వివేకమునే నేడు మరియొక విషయమున ఉపయోగింపవలసి వచ్చినది.

ఆ ప్రాంతమునుండి శ్రోత యొకరు మాకు జాబు వ్రాసినారు. పుట్టగొడుగుల పొడి సేవించినచో ఎచ్.ఐ.వి. నయమగునని ఎవరో చెప్పినారట. ఇక ఆసుపత్రి మాత్రలు మానివేయవచ్చునా అని ప్రశ్న. జాబులో పేరు లేదు, ఉండనక్కరలేదు. ప్రశ్న చిన్నదే కాని దానిపై ఒక నిండు ప్రాణము ఆధారపడియున్నది. కావున సమాధానము ముందే చెప్పుచున్నాము: మానరాదు. కారణములు వివరింతము.

ఆ మాటకు మూలము లేకపోలేదు. బూజును, పుట్టగొడుగును ఒకే శిలీంధ్ర కుటుంబమునకు చెందినవి. 1928లో ఫ్లెమింగ్ పండితునకు పెన్సిలిన్ దొరకినది బూజులోనే. అయితే పెన్సిలిన్ బాక్టీరియాలను చంపును గాని వైరసులను చంపదు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థవారు ఎచ్.ఐ.వి.ని గుర్తించిన పిమ్మట, శాస్త్రజ్ఞులు పుట్టగొడుగులనుగూడ పరీక్షింపసాగిరి. 1998లో జపాను పరిశోధకులు రీషీ అను గానోడెర్మా పుట్టగొడుగులో వైరసును అడ్డగించు ద్రవ్యములున్నవని ప్రకటించిరి. గానోడెర్మా పేరు మన కొబ్బరి రైతులకు తెగులుగా తెలిసినదే.

ఆ ద్రవ్యములు చేయు పనిని ఎర్రగుంట్లవారు ఎరిగిన ఉపమానముతో చెప్పవచ్చును. గనినుండి తీసిన నాపబండను తగిన కొలతలకు కోసినగాని ఇంటినేలకు పనికిరాదు. ఎచ్.ఐ.వి. మన రక్తకణములో జొరబడి, తనకు కావలసిన మాంసకృత్తులను పొడవైన గొలుసుగా తయారుచేయించును. ప్రోటియేజ్ అను ఎంజైము ఆ గొలుసును ముక్కలుగా కోసినగాని క్రొత్త వైరసు సిద్ధము కాదు. రీషీలోని కొన్ని ద్రవ్యములు పరీక్షనాళికలో ఆ కోతను అడ్డుకొన్నవి. ఎనోకి పుట్టగొడుగులోని వెల్యూటిన్ అను మాంసకృత్తు, వైరసుకు అవసరమైన మరియొక ఎంజైమును అణచినట్లు 2001లో వెల్లడియయ్యెను.

కాని పరీక్షనాళిక వేరు, మానవదేహము వేరు. వెల్యూటిన్‌ను మ్రింగినచో కడుపు దానిని పప్పులోని మాంసకృత్తువలెనే జీర్ణించుకొనును. తక్కిన ద్రవ్యములు ప్రేగులను, కాలేయమును దాటి, తగినంత మోతాదులో రక్తమున నిలువవలెను. షిటాకే పుట్టగొడుగునుండి తీసిన లెంటినాన్‌ను జపానులో 1985లో ఉదరకోశపు కాన్సరు చికిత్సకు సహాయముగా అనుమతించిరి. 1990-2000 మధ్య అమెరికాలో దానిని ఎచ్.ఐ.వి. రోగులపై పరీక్షించిరి, కాని అది చికిత్సగా స్థిరపడలేదు. నేటివరకు పుట్టగొడుగునుండి వచ్చిన ఏ ద్రవ్యమును ఎచ్.ఐ.వి.కి మందుగా ఆమోదింపబడలేదు.

ప్రకృతినుండి మందు వచ్చు మార్గము ఎంత దూరమో చూడుడు. 1950 ప్రాంతమున బెర్గ్‌మన్ అను రసాయనవేత్త సముద్రపు స్పాంజిలో కొన్ని వింత పదార్థములను కనుగొనెను. అవి ఇచ్చిన ఆలోచనతో ఇతరులు క్రొత్త మందులు నిర్మింపసాగిరి. 1964లో హార్విట్జ్ కాన్సరుకై ఏ.జెడ్.టి.ని తయారుచేసెను, అది ఆ పనికి పనికిరాలేదు. 1987లో అదియే ఎచ్.ఐ.వి.కి మొదటి మందయ్యెను. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థలో ఏ.వి. రామారావుగారి నాయకత్వమున దానిని మన దేశముననే తయారుచేయు విధానము రూపొందగా, సిప్లా సంస్థ 1993లో విపణికి తెచ్చెను. ఇంత కథలో స్పాంజిని తిని నయమైనవారు ఒక్కరును లేరు.

2004 ఏప్రిల్ 1నుండి మన ప్రభుత్వము ఈ మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఏ.ఆర్.టి. కేంద్రము కలదు. నేడు పెక్కుమందికి మూడు మందులు కలిసిన మాత్ర దినమునకొకటి చాలును. తప్పక వాడినచో వైరసు రక్తపరీక్షకు అందనంతగా తగ్గును; అట్లు నిలిచియున్నంతకాలము దాంపత్యమువలన మరియొకరికి సోకదు. మానినచో కొన్ని వారములలోనే తిరిగి విజృంభించును. మందుకు లొంగని రూపమును దాల్చవచ్చును. సందేహమున్నవారు 1097కు ఫోనుచేసి అడుగవచ్చును. రోగి అనుమతి లేక అతని విషయమును బయటపెట్టరాదని 2017 నాటి చట్టము శాసించుచున్నది.

కనుక, జాబు వ్రాసిన మిత్రమా, నమ్మకమైనచోట పెంచిన పుట్టగొడుగులను బాగుగ వండి, కూరగా తినుడు. అవి మంచి ఆహారము. గుర్తెరుగని అడవి గొడుగుల జోలికి పోకుడు. పొడులు, గుళికలు ఏవైనను వైద్యునకు చూపక వాడకుడు. రాత్రి భోజనమైన పిదప మీ మాత్రను మాత్రము మరువకుడు.