ఐదుగురితో మొదలు, 79 ఏళ్లకు పట్టా

1869 అక్టోబరులో ఇంగ్లండ్‌లోని హిచిన్ అనే ఊళ్లో, ఓ అద్దె ఇంట్లో ఆడపిల్లల కాలేజీ మొదలైంది. చేరింది ఐదుగురు. ఫీజు టర్ముకు 35 పౌండ్లు. తిండీ బసా అందులోనే. ఇప్పటి గిర్టన్ కాలేజీ పుట్టుక అదీ.

విశ్వవిద్యాలయం ఉన్న కేంబ్రిడ్జి అక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. మగపిల్లలు చదివే ఊరికి మరీ దగ్గరైతే తల్లిదండ్రులు పంపరేమోనన్న బెరుకు అప్పట్లో ఉండేది. అందుకే కేంబ్రిడ్జి అధ్యాపకులే రైలెక్కి వచ్చి పాఠాలు చెప్పి వెళ్లేవారు. 1873లో కాలేజీ కేంబ్రిడ్జికి 4 కిలోమీటర్ల దూరంలోని గిర్టన్‌కు, సొంత భవనంలోకి మారింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించే అంకె 2. ఒక్కో విద్యార్థినికి రెండు గదులు ఉండాలని వ్యవస్థాపకురాలు ఎమిలీ డేవిస్ పట్టుబట్టారు: పడుకోవడానికి ఒకటి, చదువుకోవడానికి ఒకటి. ఇంట్లో ఎవరు పిలిచినా పుస్తకం మూసి లేవాల్సిన ఆడపిల్లకు తలుపేసుకుని కూర్చునే వీలు దొరకడం ఎంత గొప్ప సంగతి!

అలాగని ఆమె అన్నిటికీ సరేననలేదు. హిచిన్‌లో పిల్లలు మగవేషాలు కట్టి షేక్‌స్పియర్ దృశ్యాలు ఆడితే మందలించారు. కాలేజీకి చెడ్డపేరు వస్తుందని ఆమె భయం. పిల్లల హుషారు మాత్రం తగ్గలేదు. కొన్నేళ్లకు గిర్టన్‌లో వాళ్లే సొంతంగా అగ్నిమాపక దళం కట్టుకున్నారు. అందులో ముందున్న హెర్తా అనే విద్యార్థిని ఆ తర్వాత విద్యుత్ శాస్త్రంలో పేరు తెచ్చుకున్నారు.

పరీక్షలు రాయనిచ్చినా విశ్వవిద్యాలయం పట్టా ఇవ్వలేదు. 1880లో షార్లెట్ స్కాట్ గణితంలో 8వ స్థానానికి సరితూగే మార్కులు సాధించారు. జాబితాలో 8వ పేరు చదివే వేళ, సభలోని కుర్రాళ్లే ఆమె పేరు పెట్టి కేకలు వేశారు. మరుసటి ఏడాది ఆడపిల్లలకు పరీక్ష రాసే హక్కు అధికారికంగా దక్కింది. 1887లో అగ్నాటా రామ్సే ప్రాచీన భాషల పరీక్షలో మగవాళ్లెవరూ అందుకోని శ్రేణిలో ఒక్కరే నిలిచారు. అయినా 1897లో పట్టాల ప్రతిపాదనకు 660 పైచిలుకు ఓట్లే వచ్చాయి. వ్యతిరేకంగా 1,700 దాటాయి. చదువులో ఓడించలేనివాళ్లను ఓట్లతో ఓడించారు.

కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తిస్థాయి పట్టాలు ఇచ్చింది 1948లో. స్కాట్ 1885లోనే లండన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకుని, అమెరికా వెళ్లి, తరాల తరబడి ఆడపిల్లలకు గణితం నేర్పి, 1931లో కన్నుమూశారు.