మీకు తెలుసా? పేరు మారొచ్చు, నంబరు మారకూడదు

ఇంగ్లిషులో కడప స్పెల్లింగు 2005లో మారింది. 2010లో జిల్లా పేరే వైఎస్సార్ అయింది. అయినా 516001 అని రాసిన ఉత్తరం కడపకే చేరింది. ప్రోగ్రాముల మధ్య డేటా పంపుకోవడానికి గూగుల్ 2008లో బయటపెట్టిన ప్రోటోకాల్ బఫర్స్‌దీ ఇదే పద్ధతి. క్లయింటు, సర్వరు మధ్య నడిచే బైట్లలో ఫీల్డు పేరుండదు, నంబరే ఉంటుంది. సర్వరువాళ్లు ‘ఊరు = 3’ను ‘పట్టణం = 3’ చేసి కోడు మళ్లీ తయారుచేసుకున్నా, కర్నూలులో పాత కోడుతో నడిచే యాప్ చక్కగా చదువుకుంటుంది. కొత్తగా 4 నంబరు ఫీల్డు చేరిస్తే దాన్ని దాటేస్తుంది. తీసేసిన ఫీల్డు నంబరును మాత్రం ఇంకోదానికి ఇవ్వకండి, ‘రిజర్వ్‌డ్’ అని రాసిపెట్టండి. లేదంటే ఊరు ఉండాల్సిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంటుంది. అన్నట్టు, సర్వరులోని మెథడ్‌ను క్లయింటు పిలవడానికి వాడే జీఆర్‌పీసీలో ఆ మెథడ్‌కు ఈ వెసులుబాటు లేదు. అది పేరుతోనే ప్రయాణిస్తుంది. మారిస్తే పాత క్లయింటుకు ‘అన్‌ఇంప్లిమెంటెడ్’ అనే జవాబొస్తుంది.