తేనీటికి మట్టిపాత్ర

వైశాఖమాసపు ఎండలో కుండ కొనుటకు సంతకు పోయిన ఇల్లాలిని గమనించినారా? ముందుగా వ్రేలి కణుపుతో తట్టి చూచును. కంగుమన్నచో చక్కగా కాలినది. మూగబోయినచో ఎక్కడో బీట యున్నదనియో, సరిగా కాలలేదనియో గ్రహించును. చేపల పులుసు కాచిన దాకలో పెరుగు తోడుపెట్టదు. మట్టి తాను త్రాగినదానిని సులభముగా విడువదని ఆమె ఎరుగును. తేనీటికి మట్టిపాత్రను ఎన్నుకొను చీనావారి విద్యయు ఇంచుమించు ఇదియే.

చీనా మట్టిపాత్ర మన తీరమునకు క్రొత్తది కాదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున జరిపిన త్రవ్వకములలో చీనా పింగాణి పెంకులు దొరికినవి. అవి మెరుగుపూత గలవి. తేనీటికి పేరెన్నికగన్న పాత్ర వేరు. అది జియాంగ్సు రాష్ట్రములో, తైహు సరస్సునకు పడమట నున్న యిషింగ్ పట్టణమున తయారగును. ఇనుము హెచ్చుగా గల అచ్చటి ఊదావన్నె మన్ను 16వ శతాబ్దము నాటికే ఇందుకు ప్రసిద్ధి చెందినది. లోపలగాని వెలుపలగాని పూత పూయరు. 1,100 సెంటిగ్రేడు డిగ్రీలకు పైబడిన వేడిమిలో కాల్చుదురు.

మన కుమ్మరి ఆవములో అంత వేడిమి పుట్టదు. కనుకనే మన కుండ చెమర్చును. ఆ చెమట ఆవిరియగునపుడు గ్రామునకు సుమారు 580 కెలోరీల వేడిమిని తీసికొనిపోవుటచే నీరు చల్లబడును. (గాలిలో తేమ హెచ్చుగా నుండు చీరాలలో అదే కుండ వినుకొండలో వలె పనిచేయదు.) మన్నంతయు ఒకటి గాదు. మన నల్లరేగడి ప్రత్తికి, మిరపకు తల్లియే గాని, కుండకు ఒంటరిగా పనికిరాదు. తడిసి ఉబ్బును, ఆరి పగులును. అందుచేత కుమ్మరి చెరువు ఒండ్రు వెదకి, ఇసుక కలుపును. యిషింగ్ పాత్ర నీరు చెమర్చదు. అయినను దాని గోడలలోని సన్నని రంధ్రములు వాసనను పట్టుకొనును.

ఈ మాట నేను చేతులు కాల్చుకొని నేర్చితిని. ఒక మిత్రుడు బహూకరించిన చిన్న పాత్రలో మొదటినాడే అల్లము, పాలు, పంచదార కలిపిన తేనీరు నింపితిని. మూడవనాటికి విరిగిన పాల కంపు. ఎన్నిమారులు వేడినీట ఉడికించినను పూర్తిగా పోలేదు. నేడు అందులో మా అమ్మాయి పెన్సిళ్లు ఉంచుకొనుచున్నది! మన పాల తేనీటికి ఉక్కు గిన్నెయే మేలు.

కొనునపుడు చిన్నది చూడవలెను; ఇద్దరికి 150 మిల్లీలీటర్లది చాలును. నీరు నింపి వంచుచు, మూతమీది రంధ్రమును వ్రేలితో మూయుడు. ధార నిలిచినచో మూత చక్కగా అమరినదన్నమాట. వేడినీరు పోసి వాసన చూడుడు. రంగు వాసనయో, మైనపు వాసనయో కొట్టినచో విడిచిపెట్టుడు. రంగులద్ది మిలమిలలాడు చవుక పూతపాత్రలు తేనీటికే గాక పులుసునకును తగవు. కొన్ని పూతలలో సీసముండును. పులుపు తగిలినచో అది కరగి ఆహారములో కలియును. పసిబిడ్డలకు అది మరింత హాని.

వాడుక సులభము. పాత్రను వేడినీటితో కడిగి, మూడవవంతు వరకు ఊలాంగ్ ఆకు వేసి, మరుగునీరు పోయవలెను. మొదటి నీటిని పారబోయుదురు. పిదప పదిహేను, ఇరువది సెకండ్లకు చుక్క మిగులకుండ వంచుకొనవలెను. అదే ఆకు అయిదారు మారులు రుచి నిచ్చును. పాత్రను పొయ్యిమీద పెట్టరాదు, సబ్బు తగులనీయరాదు, ఒక పాత్రకు ఒకే జాతి ఆకు. పని ముగిసిన పిదప ఆకు తీసి, వేడినీట తొలిచి, మూత ప్రక్కన పెట్టి నీడన ఆరనీయుడు. శ్రావణమాసములో తడిపాత్రకు మూత బిగించి అలమరలో దాచినచో వారము తిరుగకుండ బూజు పట్టును.