ఆయిల్ పని చేశాక లారీ ఎందుకు పొగ వదులుతుంది?

పాడేరు ఘాటు ఎక్కే లారీలను మనం రోజూ చూస్తూనే ఉంటాం. మన వంటగదికి బియ్యం, పప్పు వచ్చేది లారీ మీదే. డి.ఆర్. డిపోకి సరుకు ఎక్కేదీ, మన మిరియాలు, పసుపు, కాఫీ గింజలు కిందకి దిగేదీ దాని మీదే. మన అన్నలు, మావలు ఎంతోమంది క్లీనర్లుగా చేరి డ్రైవర్లయ్యారు. కొండ మీద బండికి ఆయిల్ కారితే పెద్ద షెడ్డుకి దిగేదాకా ఆగలేరు. పానాలు తీసి తామే ప్యాకింగ్ మార్చేస్తారు, ఫిల్టర్ వేసేస్తారు. తప్పేం లేదు. కానీ పని అయ్యాక స్టార్టు చేస్తే గుప్పున పొగ! అప్పుడు "ఇంజిన్ పోయింది రా" అని తల పట్టుకుంటారు. చాలాసార్లు ఇంజిన్ పోదు. పొగ ఎక్కణ్ణుంచి, ఏ రంగులో వస్తోందో చూడాలి.

ముందు ఆయిల్ దారి తెలుసుకొందాం. ఇంజిన్ అడుగున చాంబర్ ఉంటుంది. అందులోని ఆయిల్‌ని పంపు లాగి, ఫిల్టర్‌లో వడపోసి క్రాంకుకి, టాపెట్లకి, టర్బోకి అందిస్తుంది. పని అయిన ఆయిల్ తన బరువుతో తానే జారి మళ్ళీ చాంబర్‌లో పడుతుంది. అంటే వెళ్ళడం పంపు బలంతో, తిరిగి రావడం వట్టి జారుడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీంతో మళ్ళీ పని ఉంది.

పొగ సైలెన్సర్ గొట్టంలోంచి కాకుండా బానెట్ కిందనుంచి వస్తోందా? అయితే పని చేసేటప్పుడు ఒలికిన ఆయిల్ వేడి గొట్టం మీద పడి కాలుతోందన్నమాట. పది, ఇరవై నిమిషాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే ఇంకా కారుతోందని అర్థం. టాపెట్ కవర్ ప్యాకింగ్ సరిగ్గా కూర్చోకపోవచ్చు. ఇంకోటి, పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకొని ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్త ఫిల్టర్ బిగిస్తే రింగు మీద రింగు పడి, ఆయిల్ ఒత్తిడికి పక్కకి చిమ్ముతుంది. వేడి గొట్టం మీద ఆయిల్ చిమ్మితే మంట అంటుకోవచ్చు. అలాంటి బండిని ఘాటు ఎక్కించడం నాకైతే మూర్ఖత్వమనిపిస్తుంది.

ఇక సైలెన్సర్ పొగ. నల్లదైతే డీజిల్ ఎక్కువై గాలి చాలడం లేదని అర్థం. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయిందేమో చూడాలి, ఆయిల్ పనికీ దానికీ సాధారణంగా సంబంధం ఉండదు. తెల్లదైతే రెండు రకాలు. చలికాలం పొద్దున్నే, లంబసింగి చలిలో, కాలని డీజిల్ తెల్లగా వస్తుంది, ఇంజిన్ వేడెక్కితే పోతుంది. వేడెక్కినా పోకుండా రేడియేటర్ నీళ్ళు రోజూ తగ్గుతుంటే నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. గేజికి అంటిన ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్ళూ ఆయిలూ కలిసిపోయాయి. అప్పుడు బండి నడపకూడదు, షెడ్డు వాళ్ళు హెడ్డు ప్యాకింగో ఆయిల్ కూలరో విప్పాల్సిందే.

నీలం పొగే అసలు విషయం. కాలిన ఆయిల్ వాసన ఘాటుగా వస్తుంది. "బండి ఆయిల్ తాగుతోంది" అని డ్రైవర్లు అనేది ఇదే. సొంత రిపేరు తర్వాత ఇది రావడానికి ఎక్కువగా కనిపించే కారణం చాలా చిన్నది: ఆయిల్ ఎక్కువ పోయడం.

అదెలా జరుగుతుందంటే, బండి వాలులో ఆగి ఉంటుంది. చాంబర్‌లో ఆయిల్ ఒక పక్కకి ఒరిగిపోతుంది. గేజి పుల్ల తీసి చూస్తే తక్కువ చూపిస్తుంది. లేదా ఇంజిన్ ఆపిన వెంటనే చూస్తారు, అప్పటికి పై ఆయిల్ ఇంకా కిందకి దిగదు. సరే అని ఇంకో రెండు లీటర్లు పోసేస్తారు. అన్నంలో నెయ్యిలా ఇందులో ఎక్కువైతే మంచిదనుకోవడం పొరపాటు. మట్టం పెరిగితే తిరిగే క్రాంకు ఆయిల్‌ని కవ్వంలా చిలుకుతుంది. మజ్జిగ మీద నురగలా నురగ కడుతుంది. ఆ తుంపర బ్రీదర్ పైపులోంచి గాలి దారిలోకి పోయి, ఇంజిన్‌లో కాలి నీలం పొగ అవుతుంది. మందు సులువే. చదునైన చోట బండి పెట్టి, ఆపి పది నిమిషాలు ఆగి, గేజి తుడిచి మళ్ళీ ముంచి చూడాలి. మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. పై గీత దాటితే ఎక్కువైనంత డ్రెయిన్ నట్టు దగ్గర తీసేయాలి.

తీయకుండా నడిపితే ఏమవుతుందో చెప్తాను, ఇది భయపెట్టడానికి కాదు. డీజిల్ ఇంజిన్‌కి నిప్పురవ్వ అక్కర్లేదు, గాలీ మండే సరుకూ ఉంటే చాలు. బ్రీదర్ నుంచో పాడైన టర్బో నుంచో ఆయిల్ ధారగా లోపలికి పోతే ఇంజిన్ తన ఆయిల్‌నే తాగి నడవడం మొదలుపెడుతుంది. తాళం తీసినా ఆగదు, ఎందుకంటే తాళం ఆపేది డీజిల్‌నే. రేసు తనంతట తానే పెరిగిపోతుంది, చివరికి ఇంజిన్ పగిలిపోవచ్చు. అనుభవమున్న డ్రైవరు టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలి ఇంజిన్‌ని ఆపుతాడు. లేదా గాలి తీసుకొనే నోటికి వెడల్పాటి చెక్క అడ్డం పెడతారు. చెయ్యి మాత్రం ఎన్నడూ పెట్టకూడదు, గుడ్డ పెడితే లోపలికి లాగేస్తుంది. మనలాంటి వాళ్ళం దూరంగా పరుగెత్తడమే మంచిది.

మట్టం సరిగ్గానే ఉన్నా నీలం పొగ వస్తోందా? అప్పుడు బ్రీదర్ పైపు చూడాలి. అది మడతపడినా, మట్టి కూరుకుపోయినా లోపలి ఆవిరికి దారి ఉండదు. ఆ ఒత్తిడి ఆయిల్‌ని సీళ్ళలోంచి నెడుతుంది, టర్బో ఆయిల్ కిందకి జారకుండా కూడా అడ్డుకుంటుంది. ఇంజిన్ స్లోలో ఉండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా వదులు చేసి చూస్తారు. కాస్త ఆవిరి రావడం మామూలే. ఉడికే అన్నం కుండ మూతలా ఎగరేస్తుంటే బ్రీదర్ అయినా మూసుకొని ఉండాలి, పిస్టన్ రింగులైనా అరిగి ఉండాలి. రింగులైతే ఎత్తు ఎక్కేటప్పుడు పొగ ఎక్కువవుతుంది.

టర్బో లారీల్లో ఇంకో కిటుకు ఉంది. టర్బోలో ఆయిల్‌ని ఆపేది రబ్బరు సీలు కాదు, ఇనుప రింగు. ఆయిల్ కిందకి జారిపోతున్నంతసేపే అది ఆపగలదు. కారకూడదని మన వాళ్ళు ప్యాకింగ్‌కి బంక దండిగా పూస్తారు. బిగించినప్పుడు ఆ బంక లోపలికి ఉబికి, తిరుగు పైపుని సగం మూసేస్తుంది. ఆయిల్ వెనక్కి నిలబడి, గాలి దారిలోకీ సైలెన్సర్‌లోకీ పోతుంది. స్లోలో పది నిమిషాలు ఉంచి రేసు ఇవ్వగానే గుప్పున నీలం పొగ వస్తే ముందు ఆ తిరుగు పైపు విప్పి చూడమనండి. కొత్త టర్బో కొనడం తర్వాత సంగతి. ఊడిన బంక ముక్కలు పంపు జల్లెడకి అడ్డం పడితే ఇంకా ప్రమాదం. ఆయిల్ దీపం వెలిగిందంటే పొగ సంగతి పక్కనపెట్టి ఇంజిన్ ఆపేయాలి.

అన్నీ సరిచేశాక కూడా పొగ కొంతసేపు వస్తుంది. ముందు చేరిన ఆయిల్ సైలెన్సర్‌లో మిగిలి ఉంటుంది కదా, అది కాలిపోవాలి. పోను పోను పలచబడుతుంటే నయమవుతున్నట్టే. ఈ లోపు బండిని బడి గోడ పక్కన, వంటగది కిటికీ ముందు నిలబెట్టి రేసు చేయవద్దని వార్డెన్ సార్లు డ్రైవర్లకు చెప్పాలని మనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటిలో చేర్చింది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 లారీల్లో పొగ మసిని పట్టే జల్లెడ ఉంటుంది. ఆయిల్ కాలిన బూడిద అందులో పేరుకొని మూసుకుపోతుంది. కాబట్టి వాటికి బండి పుస్తకంలో రాసిన ఆయిలే పోయాలి, సంతలో దొరికిన లూజు ఆయిల్ కాదు.

తీసిన పాత ఆయిల్ మాట కూడా చెప్పాలి. చాలామంది గెడ్డ ఒడ్డునే వదిలేస్తారు. ఆ గెడ్డ నీళ్ళే కింద ఊరి వాళ్ళు వాడుకుంటారు, పశువులు తాగుతాయి. డబ్బాకి పట్టి మూత బిగించి షెడ్డులో ఇస్తే పాత ఆయిల్ కొనేవాళ్ళు పట్టుకెళ్తారు. చెద పట్టకుండా తలుపులకి పూసేవాళ్ళు కూడా ఉన్నారు, కానీ వాడిన ఆయిల్ చర్మానికి హాని చేస్తుంది. అంటుకుంటే డీజిల్‌తో కాదు, సబ్బుతో కడుక్కోవాలి.